రీల్స్ కోసం కాదు.. మీ కోసం తీసుకోండి ఓ వీడియో! ఇంటర్వ్యూ నుంచి పోలీస్ ఈవెంట్స్ దాకా మీ ఫోనే మీ కోచ్

పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎన్ని వీడియోలు చూస్తున్నామో లెక్కే లేదు. వాటిలో మనం మాట్లాడేవి, మనం పరిగెత్తేవి, మనం పాఠం చెప్పేవి ఎన్ని? చాలా మంది దగ్గర ఒక్కటి కూడా ఉండదు. ఉన్నా అవి పెళ్లిళ్లవో, టూర్లవో, రీల్సో అయ్యుంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో ఇంటర్వ్యూలకు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, టీచింగ్ డెమోలకు, నాటక పోటీలకు రెడీ అవుతున్న వాళ్లు ఎందరో. అందరికీ పక్కన కోచ్ ఉండడు. కానీ జేబులో కెమెరా మాత్రం ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో ఈ కథనంలో చూద్దాం.

ముఖ్యాంశాలు:
- ఒక్కసారి రికార్డ్ చేసి చూసుకుంటే సరిపోదు, సరిచేసుకుని రెండోసారి తీయాలి
- ఒక్కో వీడియోలో ఒక్క లోపాన్నే పట్టుకోవాలి
- మీ మొహం ఎలా ఉందన్నది కాదు, మీ పని ఎలా ఉందన్నది చూడాలి
- వీడియో మీ ఫోన్ దాటి ఎక్కడికి వెళ్తోందో ఓ కన్నేసి ఉంచాలి

ఎందుకు సెలెక్ట్ కాలేదో ఎవరు చెప్తారు?

క్యాంపస్ ఇంటర్వ్యూలో పోతే ఒక మెయిల్ వస్తుంది. మీ సమయానికి ధన్యవాదాలు, ఈసారి కుదరలేదు.. అంతే. ఏం తప్పు జరిగిందో అందులో ఉండదు. స్వరం వినిపించలేదా, జవాబు మరీ పొడవైపోయిందా, కళ్లు నేలమీదే ఉన్నాయా? ఏదీ తెలియదు. తెలియకుండానే తర్వాతి ఇంటర్వ్యూకి వెళ్తాం, అదే తప్పు మళ్లీ చేస్తాం.

ఫ్రెండ్‌ని అడిగితే "బాగుందిరా, ఇరగదీశావ్" అంటాడు. ఇంట్లో అడిగితే "మా వాడికేం తక్కువ" అంటారు. ప్రేమతో చెప్పేవే గానీ పనికొచ్చేవి కావు. ఇప్పుడు చాలా కంపెనీలు మొదటి రౌండ్‌లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టడమే లేదు. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, మీరు కెమెరాకి జవాబు చెప్పాలి. అంటే రికార్డ్ అయిన మీ వీడియో చూసే అవతలివాళ్లు నిర్ణయం తీసుకుంటారు. వాళ్లు చూసేది మీరు ఒక్కసారైనా చూసుకోకపోతే ఎలా?

అసలు సంగతి ఏంటంటే, ఒక పని చేస్తున్నప్పుడే దాన్ని బయటి నుంచి చూడటం మన వల్ల కాదు. మాట్లాడేటప్పుడు బుర్ర మొత్తం తర్వాతి మాట మీదే ఉంటుంది. చేతులు ఏం చేస్తున్నాయో, "అంటే.. అంటే.." అని ఎన్నిసార్లు అన్నామో గుర్తుండదు. వీడియోలో అవన్నీ దొరికిపోతాయి.

తెనాలి నాటకాల రోజుల్లో ఈ సౌకర్యం లేదు

మన ప్రాంతానికి ఈ విషయం కొత్తేం కాదు. తనని తాను దిద్దుకోవడం స్టేజీ మీద బతికిన వాళ్లకి రోజువారీ పని. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతో తెలుగు నాటకాన్ని ఊపేశారు. తెనాలి రామవిలాస సభ తరఫున ఆడిన ఆయన సత్యభామ వేషాన్ని పాత తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు.

ఒక మగమనిషి చీర కట్టి, నడక మార్చి, చూపు మార్చి, హాల్లో వందల మందిని నమ్మించాలి. అలాంటి నటుడికి కూడా హాల్లో కూర్చుని తన నాటకం తాను చూసుకునే వీలు లేదు. అప్పటి నటులకు ఉన్నవి మూడే: అద్దం, తప్పులు దిద్దే గురువు, ఎదురుగా ఉన్న జనం. బాగుంటే "వన్స్ మోర్" అని కేకలు, బాలేకపోతే ఈలలు. ఫలితం అక్కడికక్కడే తేలిపోయేది.

తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య సినిమాల్లోకి వచ్చి కంచు కంఠంతో పేరు తెచ్చుకోకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. లైవ్‌లో వార్తలు చదివే మనిషి తన గొంతును తాను బయటి నుంచి వినలేడు. ఈరోజు రేపల్లెలో ఇంటర్ చదివే అమ్మాయి చేతిలో ఉన్న ఫోన్‌తో ఆ రెండు పనులూ అవుతాయి. కానీ తేడా ఒకటుంది. జనం వెంటనే చెప్పేవారు, ఫోన్ చెప్పదు, చూపిస్తుంది అంతే. చూసి తెలుసుకోవాల్సింది మనమే.

సొంత గొంతు వింటే ఎందుకు ఇబ్బంది?

మొదటిసారి చూసుకున్న ప్రతి ఒక్కరూ అనే మాట: "ఛీ, నా గొంతు ఇలా ఉంటుందా?" ఇందులో మీ తప్పేం లేదు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు రెండు దారుల్లో చెవికి చేరుతుంది. ఒకటి గాలి ద్వారా, రెండోది తల ఎముకల ద్వారా. ఎముకల దారిలో వచ్చే శబ్దం గొంతును కాస్త గంభీరంగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ రెండో దారి ఉండదు కాబట్టి పల్చగా, ఎవరిదో గొంతులా అనిపిస్తుంది. మిగతా వాళ్లు మొదటి నుంచీ వింటున్నది ఈ గొంతునే. వాళ్లకి ఇందులో వింతేం లేదు.

మొహం సంగతీ అంతే. మనం రోజూ అద్దంలో చూసుకునేది కుడిఎడమలు తారుమారైన మొహం. వీడియోలో అసలు మొహం కనిపించేసరికి ఏదో వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది. దీని మీద 1977లో అమెరికాలో ఓ అధ్యయనం వచ్చింది. అద్దంలో కనిపించే తరహా ఫొటో, మామూలు ఫొటో రెండూ చూపిస్తే, ఎక్కువ మంది తమకు తాము అద్దం తరహా ఫొటోనే ఎంచుకున్నారు. వాళ్ల స్నేహితులు మాత్రం మామూలు ఫొటోనే బాగుందన్నారు. అలవాటైనదే నచ్చుతుంది, అంతే తేడా.

కాబట్టి మొదటి రెండు మూడు వీడియోలు చూసి డిసైడ్ అయిపోవద్దు. ఆ ఇబ్బంది నాలుగైదు వీడియోలకి చాలా వరకు తగ్గుతుంది. అప్పటిదాకా గొంతు, మొహం గురించి ఏమీ రాసుకోవద్దు.

టీచర్ల ట్రైనింగ్‌లో దొరికిన అసలు కిటుకు

బీఈడీ చేసిన వాళ్లకి మైక్రో టీచింగ్ అనే మాట తెలిసే ఉంటుంది. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ అలెన్ బృందం ఈ పద్ధతిని తయారు చేసింది. పెద్ద క్లాసు కాకుండా కొద్దిమంది పిల్లలు, గంట పాఠం కాకుండా కొన్ని నిమిషాల పాఠం, అన్ని నైపుణ్యాలూ కాకుండా ఒక్క నైపుణ్యం. ఆ పాఠాన్ని వీడియో టేప్ మీద రికార్డ్ చేసి, చెప్పిన వాళ్లకే చూపించేవాళ్లు.

మన దేశంలో బీఈడీ కాలేజీల్లో వాడే నమూనా ఇలా ఉంటుంది:
- పాఠం చెప్పడం: 6 నిమిషాలు
- ఎలా ఉందో మాట్లాడుకోవడం: 6 నిమిషాలు
- మళ్లీ ప్లాన్ చేసుకోవడం: 12 నిమిషాలు
- అదే పాఠం మళ్లీ చెప్పడం: 6 నిమిషాలు
- మళ్లీ మాట్లాడుకోవడం: 6 నిమిషాలు

మొత్తం 36 నిమిషాలు. ఇందులో ఎక్కువ టైమ్ దేనికిచ్చారో గమనించారా? చూడటానికి కాదు, మళ్లీ ప్లాన్ చేసుకోవడానికి. ఆ తర్వాత అదే పాఠం రెండోసారి. మనలో చాలా మంది ఇక్కడే ఆగిపోతాం. వీడియో తీస్తాం, చూస్తాం, "అబ్బా" అనుకుంటాం, డిలీట్ చేస్తాం. రెండో టేక్ లేకపోతే మొదటి టేక్ వల్ల మిగిలేది సిగ్గు ఒక్కటే.

డాక్టర్ల వీడియోలు ఏం చెప్పాయి?

పనితనం వీడియోలో నిజంగా తెలుస్తుందా అన్న అనుమానం ఉంటే ఈ ఉదాహరణ చూడండి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక ఆపరేషన్ వీడియో ఇచ్చారు. ఎవరు చేశారో తెలియకుండా తోటి సర్జన్లు వాటిని చూసి మార్కులు వేశారు. ఆ ఫలితాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మార్కులు తక్కువొచ్చిన పావు వంతు సర్జన్ల పేషెంట్లలో 14.5 శాతం మందికి సమస్యలు వచ్చాయి. మార్కులు ఎక్కువొచ్చిన పావు వంతు దగ్గర అది 5.2 శాతమే.

అంటే ఒక్క వీడియోలోనే పనితనం తేడా బయటపడుతోంది. కాకపోతే అక్కడ మార్కులు వేసింది ఆ పని తెలిసిన వాళ్లు. మనకీ అదే వర్తిస్తుంది. వారానికో వీడియో అయినా ఆ పని తెలిసిన ఒకరికి చూపించండి. సీనియర్ కావచ్చు, పీఈటీ సార్ కావచ్చు, హార్మోనియం మాస్టారు కావచ్చు. "ఎలా ఉంది?" అని అడగొద్దు. "ఇందులో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు?" అని అడగండి. అప్పుడు పనికొచ్చే జవాబు వస్తుంది.

ఎవరు ఎలా తీసుకోవాలి?

*ఇంటర్వ్యూకి రెడీ అయ్యేవాళ్లు:* కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెలుతురు మొహం మీద పడాలి, వెనక నుంచి రాకూడదు. ఫోన్ కళ్ల ఎత్తులో ఉండాలి. స్టాండ్ లేకపోతే బియ్యం డబ్బా, దాని మీద నాలుగు పుస్తకాలు పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆ రెండు నిమిషాలు ఆపండి, లేకపోతే గొంతు కంటే గాలే ఎక్కువ వినిపిస్తుంది. ప్రశ్నల చీటీలు రాసి పెట్టుకుని, ఒకటి తీసి, 30 సెకన్లు ఆలోచించి, 90 సెకన్లలో జవాబు చెప్పండి. స్క్రీన్ మీద మిమ్మల్ని మీరు చూసుకుంటూ మాట్లాడొద్దు, లెన్స్‌ని చూడండి. వెనక కెమెరాతో తీస్తే ఆ గొడవే ఉండదు.

*టీచర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు:* ఫోన్‌ని క్లాసు వెనక పెట్టండి. మీరు కనిపిస్తారు, పిల్లల మొహాలు పడవు, వీపులే పడతాయి. స్కూల్లో అయితే హెచ్‌ఎం గారికి ముందే చెప్పి పర్మిషన్ తీసుకోండి. చూసేటప్పుడు ఒక్కటి లెక్కపెట్టండి: ప్రశ్న అడిగాక పిల్లలకి ఎన్ని సెకన్లు టైమ్ ఇచ్చారు? అడిగిన వెంటనే మీరే జవాబు చెప్పేస్తుంటే వీడియోలో ఇట్టే తెలిసిపోతుంది.

*పద్యనాటక కళాకారులు, డ్యాన్స్ నేర్చుకునేవాళ్లు:* స్టేజీ పక్కన నిలబడి తీసిన వీడియోతో లాభం లేదు. హాలు మధ్యలో, ప్రేక్షకుడి కుర్చీలో నుంచి తీయాలి. రెండోసారి చివరి వరుస నుంచి తీయండి. పద్యం చివర రాగం తీసేటప్పుడు మాట మింగేస్తున్నారా, డైలాగ్ చెప్తూ వెనక్కి తిరిగిపోతున్నారా అన్నది అక్కడి నుంచే తెలుస్తుంది.

*కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లు:* 1600 మీటర్ల పరుగు మొత్తం తీయక్కర్లేదు. మొదటి 100 మీటర్లు, చివరి 200 మీటర్లు పక్క నుంచి తీయించండి. రెండింటిలో భుజాలు, అడుగుల పొడవు ఎలా మారాయో పోల్చండి. లాంగ్ జంప్‌కి కెమెరా టేకాఫ్ బోర్డుకి సరిగ్గా పక్కన ఉండాలి. కాలు బోర్డు మీద పడిందా, ముందే పడిందా అన్నదే మొదట చూడాల్సింది. సూర్యలంక బీచ్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే ఒక మాట: అక్కడి గాలికి ఆడియో ఏమీ వినపడదు, ఇసుక లెన్స్‌ని గీకేస్తుంది. ఫోన్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, లెన్స్ దగ్గర మాత్రం తెరిచి ఉంచండి.

*వెయిట్‌లిఫ్టర్లు:* ఈ ప్రాంతానికి ఈ ఆటతో ప్రత్యేక బంధం ఉంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురానికి చెందిన రాగాల వెంకట్ రాహుల్ 2014 యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. స్నాచ్ లాంటి లిఫ్ట్ కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. పక్కన నిలబడిన వాళ్లకి కూడా అన్నీ కనపడవు. కెమెరాని మూడు నాలుగు మీటర్ల దూరంలో, నడుము ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టండి. స్లో మోషన్‌లో చూసేది ఒక్కటే: బార్ ఒంటికి దగ్గరగా పైకి వెళ్తోందా, ముందుకి దూరంగా పోతోందా? ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. వీడియో కోసమని అలవాటు లేని బరువు ఎత్తొద్దు, ఒంటరిగా అసలే వద్దు.

*క్రికెట్ ఆడేవాళ్లు:* మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు ఉంటాయి. గంటకి 108 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి సెకనుకి 30 మీటర్లు వెళ్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకి మీటరు దూరం దాటేస్తుంది. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం ఆ రెండు ఫ్రేముల మధ్యే పోతుంది. అదే స్లో మోషన్‌లో 240 ఫ్రేముల మీద తీస్తే ఒక్కో ఫ్రేముకి 12-13 సెంటీమీటర్లే. అందుకే వేగంగా జరిగే పనికి స్లో మోషన్, మాట్లాడే పనికి మామూలు వీడియో చాలు.

చూసే పద్ధతి కూడా ఉంది

తీసిన వెంటనే చూడొద్దు. అప్పుడే చేసిన పని కాబట్టి మనసులో ఉన్నదే కనిపిస్తుంది. ఒక పూట ఆగండి. తెనాలి - రేపల్లె రైల్లో రోజూ తిరిగే స్టూడెంట్స్‌కి ఇది భలే టైమ్. రాత్రి తీసింది పొద్దున రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసుకోవచ్చు. మూడు సార్లు చూడాలి:

1. స్క్రీన్ చూడకుండా వినండి. వేగం, స్పష్టత, "అంటే", "బేసికల్లీ", "యాక్చువల్లీ" లాంటి ఊతపదాలు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టండి.
2. సౌండ్ తీసేసి చూడండి. చేతులు, చూపు, నిలబడే తీరు. మీరెవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడండి.
3. రెండూ కలిపి చూడండి. ఇప్పుడు బాగున్న ఒక్క విషయం, మార్చాల్సిన ఒక్క విషయం.. రెండే వాక్యాలు కాగితం మీద రాయండి.

రాసేటప్పుడు తిట్టుకోవద్దు, కనిపించింది రాయండి. "చెత్తగా మాట్లాడాను" అన్నది పనికిరాదు. "మొదటి 20 సెకన్లలో మూడుసార్లు కింద చూశాను" అన్నది పనికొస్తుంది, ఎందుకంటే రేపటి టేక్‌లో దాన్ని మళ్లీ లెక్కపెట్టొచ్చు. ఒకేసారి అయిదు తప్పులు సరిచేద్దాం అనుకుంటే అయిదూ అలాగే ఉంటాయి.

చూసేకొద్దీ దిగులొస్తే?

కొంతమందికి వీడియో చూస్తే పట్టుదల పెరుగుతుంది, కొంతమందికి ఉన్న ధైర్యం కూడా పోతుంది. రెండో రకం వాళ్ల కోసం ఇంకో దారి ఉంది. న్యూజిలాండ్‌కి చెందిన సైకాలజిస్ట్ పీటర్ డౌరిక్ 1970ల నుంచి దీని మీద పనిచేశారు. దీన్ని సెల్ఫ్ మోడలింగ్ అంటారు. తప్పులన్నీ కట్ చేసి, సరిగ్గా చేసిన ముక్కలే కలిపి, రెండు మూడు నిమిషాల వీడియోగా ఆ మనిషికే చూపించడం. నేను చేయగలను అన్న సంగతి ఎవరో చెప్పడం కాదు, కళ్లతో చూసుకోవడం అన్నమాట.

మీరూ చేసుకోవచ్చు. పది టేకుల్లో బాగా వచ్చిన 15 సెకన్ల ముక్కల్ని ఫోన్‌లోనే కట్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి తప్పుల వీడియో కాదు, ఆ ఫోల్డరే చూడండి. స్టేజీ ఎక్కాలంటే భయపడే పిల్లలకి కూడా ఇదే పద్ధతి మేలు.

ఇంకోటి, అసలు ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరుగుతున్నప్పుడు మీ వీడియో మీకు కనపడకుండా దాచే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. మాట్లాడుతూనే తనని తాను చూసుకోవడం అలసటకి ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశారు. చూసుకోవాల్సింది ప్రాక్టీస్‌లో, అసలు రోజున కాదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- ఫొటోల యాప్‌లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే ప్రాక్టీస్ వీడియో కూడా క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది. ఇంట్లో అందరూ ఒకే అకౌంట్ వాడుతుంటే మరీ జాగ్రత్త. లాక్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకోండి.
- "మీ మొహం, మీ గొంతు చూసి మార్కులు వేస్తాం" అనే ముక్కూమొహం తెలియని యాప్‌లకి వీడియో ఇవ్వొద్దు. అది తర్వాత ఎక్కడ తేలుతుందో తెలియదు.
- ఇంకొకరు ఫ్రేములో ఉంటే వాళ్లని అడిగే తీయండి, అడగకుండా ఎవరికీ పంపొద్దు.
- మీ వీడియోని ఎవరైనా మార్చి వాడితే, బెదిరిస్తే భయపడి డబ్బులు పంపొద్దు. స్క్రీన్‌షాట్లు తీసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి.
- మామూలు హెచ్‌డీ వీడియోకి నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ పడుతుంది. రెండు నిమిషాలకు మించి తీయొద్దు. మొదటి టేక్, వారం చివరి టేక్ ఉంచుకుని మిగతావి తీసేయండి.
- సీనియర్‌కి వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

వారం రోజుల ప్లాన్

- మొదటి రోజు: ఏ ప్రిపరేషన్ లేకుండా రెండు నిమిషాలు తీయండి. చూడొద్దు, దాచండి.
- రెండో రోజు: మూడు పద్ధతుల్లో చూడండి. బాగున్నది ఒకటి, మార్చాల్సింది ఒకటి రాయండి.
- మూడో రోజు: ఆ ఒక్క లోపం మీదే ప్రాక్టీస్. కెమెరా వద్దు.
- నాలుగో రోజు: అదే ప్రశ్న, అదే పాఠం, అదే జంప్.. రెండో టేక్.
- అయిదో రోజు: రెండు టేకులూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. లెక్క తగ్గిందా? తగ్గితే కొత్త లోపం, తగ్గకపోతే అదే లోపం.
- ఆరో రోజు: పని తెలిసిన ఒకరికి రెండో టేక్ చూపించి, ఒక్క మార్పు అడగండి.
- ఏడో రోజు: మూడో టేక్. బాగా వచ్చిన ముక్క కట్ చేసి దాచుకోండి.

వారంలో కెమెరా ముందు గడిపేది పది నిమిషాలు కూడా ఉండదు. మిగతా టైమ్ అంతా ప్రాక్టీస్‌దే. కెమెరా ఎక్కువై ప్రాక్టీస్ తక్కువైతే మళ్లీ రీల్స్ దగ్గరికే వచ్చినట్టు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ వీడియోకి వ్యూస్ ఉండవు, లైకులు ఉండవు, కామెంట్లు ఉండవు. చూసేది మీరొక్కరే. అందుకే ఇందులో అందంగా కనిపించాల్సిన అవసరం లేదు, నిజంగా కనిపిస్తే చాలు. ఈ రాత్రికే రెండు నిమిషాలు తీసి దాచండి, చూడటం రేపు పొద్దున.